నెట్‌వర్కు స్టోరేజి: నిల్వ, వేగం, సంగారెడ్డి–పటాన్‌చెరు ప్రాంత అవసరాలు

ఒక కంప్యూటరు పెట్టెలోనే బిగించి ఉండే డిస్కు కాక, స్థానిక నెట్‌వర్కుకు తగిలించి ఉండి, అనేక కంప్యూటర్లు ఒకేసారి ఫైళ్లు రాసుకోవడానికీ చదువుకోవడానికీ వీలిచ్చే ఉమ్మడి నిల్వ వ్యవస్థను నెట్‌వర్కు స్టోరేజి అంటారు. వాడుకలో దీనికి ‘నాస్’ అని పేరు. దీనికి దగ్గరి చుట్టమైన ‘శాన్’ వ్యవస్థలో సర్వరుకు ఫైలు కాక డిస్కులోని ముక్కలు నేరుగా అందుతాయి. నాస్‌లో మాత్రం ఫైళ్లను ఏ ఫోల్డరులో పెట్టాలి, ఎవరు చదవాలి, ఎవరు మార్చవచ్చు అనే నిర్వహణ అంతా నిల్వ యంత్రమే చూసుకుంటుంది. అందువల్ల విశ్వవిద్యాలయ ప్రయోగశాలల నుంచి మందుల కర్మాగారాల వరకూ ఉమ్మడిగా ఫైళ్లు వాడుకునే చోట్లన్నిటా నాస్ మొదటి ఎంపిక అయింది. ఒకసారి పెట్టిన తరువాత దాని నిల్వ ఎలా పెంచాలి, వేగం ఎలా పెంచాలి అనేవి రెండు వేరు వేరు ప్రశ్నలు. వాటిని ఒకటిగా భావించడం వల్లనే ఎక్కువ డబ్బు వృథా అవుతోంది.

మంజీర మీది సింగూరు జలాశయంలో ఉన్న నీటిని టీఎంసీల్లోను, గేట్ల నుంచి వదిలే నీటిని క్యూసెక్కుల్లోను చెప్పడం తెలుగు పత్రికల పాఠకులకు అలవాటే. ఒక టీఎంసీ నీరు ఒక్క రోజులో వెళ్లాలంటే 11,574 క్యూసెక్కుల ప్రవాహం కావాలి; తూము అంత వెడల్పు లేనప్పుడు చెరువు ఎంత లోతు తవ్వినా చివరి మడికి నీరు వేళకు అందదు. డేటాకూ ఇదే లెక్క వర్తిస్తుంది. సెకనుకు 1 గిగాబిట్ వేగమున్న తీగ మీద, చిరునామాలకూ సరిచూపులకూ పోయే భాగం తీసేస్తే, సెకనుకు దాదాపు 115 మెగాబైట్లు ప్రవహిస్తాయి. ఆ లెక్కన 10 టెరాబైట్ల డేటా ఒక చోటి నుంచి మరో చోటికి చేరడానికి 24 గంటలు పడుతుంది. యంత్రంలో 200 టెరాబైట్ల ఖాళీ ఉందా 20 టెరాబైట్ల ఖాళీ ఉందా అన్నదానితో ఆ 24 గంటలకు సంబంధం లేదు.

ఈ విషయాన్ని చెప్పడానికి సంగారెడ్డి–పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతం ప్రత్యేకంగా తగినది. 2016 అక్టోబరు 11న పాత మెదక్ జిల్లా నుంచి ఏర్పడిన సంగారెడ్డి జిల్లాలో, హైదరాబాదు నుంచి జహీరాబాదు వైపు సాగే 65వ నంబరు జాతీయ రహదారి వెంట రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, పటాన్‌చెరులో అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, ఆ తరువాత పాశమైలారం, రుద్రారం, కందిలో ఐఐటీ హైదరాబాదు వరుసగా కనిపిస్తాయి. రహదారికి ఉత్తరాన బొల్లారం, గడ్డపోతారం, బొంతపల్లి వైపు మందుల తయారీ యూనిట్లు విస్తరించాయి. ఒక చోట పంటల జన్యుసమాచారం, ఒక చోట సూపర్‌కంప్యూటరు లెక్కలు, మరో చోట మందుల నాణ్యత పరీక్షల రికార్డులు పోగవుతాయి. మూడూ డేటాయే అయినా వాటి స్వభావం ఒకటి కాదు. ఒకదానికి పనికివచ్చిన మార్పు మరొకదానికి పనికిరాదు.

పుట్టుక, పెరుగుదల

1956లో ఐబీఎం సంస్థ విడుదల చేసిన మొదటి హార్డు డిస్కు యంత్రం రామాక్‌లో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి. వాటన్నిటి మీదా కలిపి 50 లక్షల అక్షరాలు పట్టేవి. ఆ తరువాత మూడు దశాబ్దాల పాటు ప్రతి యంత్రానికీ దాని డిస్కు దానికే సొంతం. 1980ల్లో చిన్న కంప్యూటర్లు నెట్‌వర్కుతో కలిసినప్పుడు ఉమ్మడి నిల్వ అవసరం ముందుకొచ్చింది. 1983 ప్రాంతంలో ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ ఎస్‌ఎంబీ అనే ఫైలు పంపిణీ పద్ధతిని రూపొందించాడు. ఇది తరువాత విండోస్ ప్రపంచానికి ఆధారమైంది. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ ఎన్‌ఎఫ్‌ఎస్ పద్ధతిని తయారుచేసింది. యూనిక్స్, లినక్స్ యంత్రాల మధ్య ఫైళ్ల పంపిణీ నేటికీ ఎక్కువగా దాని మీదనే నడుస్తోంది. నెట్‌వర్కుకు తగిలించే ప్రత్యేక నిల్వ యంత్రాలను తయారుచేయడం కోసం 1992లో డేవ్ హిట్జ్, జేమ్స్ లావ్, మైఖేల్ మాల్కమ్ నెట్‌యాప్ సంస్థను స్థాపించారు. అదే ఏడాది ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ సాంబా అనే ఉచిత సాఫ్ట్‌వేరు పనికి శ్రీకారం చుట్టడంతో, యూనిక్స్ యంత్రాలలోని ఫైళ్లు విండోస్ యంత్రాలకు అందే దారి ఏర్పడింది.

వేగం గురించిన మొదటి పాఠం ఎన్‌ఎఫ్‌ఎస్ చరిత్రలోనే ఉంది. దాని రెండవ రూపంలో, పంపిన ప్రతి ముక్కా డిస్కు మీదికి నిజంగా చేరేవరకూ సర్వరు ‘అందింది’ అని బదులు చెప్పకూడదు. కరెంటు పోయినా డేటా పోదు కాబట్టి నియమం మంచిదే. రాయడం మాత్రం నత్తనడక నడిచేది. 1995లో వచ్చిన మూడవ రూపం, ముక్కలన్నిటినీ ముందు జ్ఞాపకంలోకి తీసుకుని, చివర ఒక్కసారి ‘అన్నీ డిస్కుకు చేర్చు’ అని అడిగే వీలు కల్పించింది. నిల్వ యంత్రాల తయారీదారులు మరో దారి కూడా పట్టారు: బ్యాటరీ అండ ఉన్న జ్ఞాపకాన్ని యంత్రంలో పెట్టి, డేటా అందులోకి రాగానే బదులు చెప్పి, డిస్కు మీదికి తీరిగ్గా సర్దడం. నేటి యంత్రాల్లో రాత వేగానికి ఈ ఏర్పాటే ప్రాణం. అది లేని చవక యంత్రంలో వేగం కోసం ‘వెంటనే రాయాలి’ అన్న నియమాన్ని సెట్టింగుల్లో తీసేయడం చాలామంది చేసే పని. అది పొదుపు కాదు, ప్రమాదం.

డిస్కు చేయగలిగింది, చేయలేనిది

నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కు ఒక్క చుట్టుకు 8.33 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కావలసిన చోటు సూది కిందికి రావడానికి సగటున అందులో సగం, సూది సరైన గీత మీదికి జరగడానికి మరో 8 మిల్లీసెకన్ల వరకు పడుతుంది. అంటే చెల్లాచెదురుగా ఉన్న చిన్న ముక్కలు చదవమంటే ఒక డిస్కు సెకనుకు సుమారు 80 పనులు మాత్రమే చేయగలదు. అదే డిస్కును వరుసగా ఉన్న పెద్ద ఫైలు చదవమంటే సెకనుకు 200 మెగాబైట్లు దాటి ఇస్తుంది. గత పాతికేళ్లలో డిస్కు నిల్వ వందల రెట్లు పెరిగింది. ఈ 80 అనే సంఖ్య దాదాపు అక్కడే ఉంది. పది చిన్న డిస్కులు తీసేసి రెండు పెద్ద డిస్కులు పెట్టినప్పుడు నిల్వ పెరిగి, వేగం అయిదోవంతుకు పడిపోవడానికి కారణం ఇదే.

డిస్కులను గుంపుగా కలిపి వేగాన్నీ భద్రతనూ సాధించే పద్ధతిని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీకి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ 1988లో ప్రచురించిన పరిశోధన పత్రం ‘రైడ్’ అనే పేరుతో స్థిరపరిచింది. రైడ్ 6లో ఏ రెండు డిస్కులు పాడైనా డేటా నిలుస్తుంది. రైడ్ 10లో ప్రతి డిస్కుకూ ఒక జత ఉంటుంది. 20 టెరాబైట్ల డిస్కులు 12 ఉన్న యంత్రాన్ని ఉదాహరణగా తీసుకుంటే, రైడ్ 6లో 200 టెరాబైట్లు, రైడ్ 10లో 120 టెరాబైట్లు వాడుకకు మిగులుతాయి. కొనుగోలు చేసేవారి చూపు ఇక్కడే ఆగిపోతుంది. రైడ్ 6లో ఒక చిన్న మార్పు రాయాలంటే పాత డేటా, రెండు సరిచూపు ముక్కలు చదివి, మూడింటినీ తిరిగి రాయాలి, అంటే ఆరు పనులు. రైడ్ 10లో రెండే పనులు. 12 డిస్కులు కలిసి సెకనుకు 960 పనులు చేయగలవనుకుంటే, చిన్న రాతల విషయంలో మొదటిది 160 దగ్గర, రెండవది 480 దగ్గర ఆగుతుంది. డేటాబేసు నడిపేవారికి ఆ 80 టెరాబైట్ల అదనపు నిల్వ కన్నా ఈ మూడు రెట్ల తేడా విలువైనది. పెద్ద పెద్ద చిత్రాలు దాచుకునేవారికి లెక్క తలకిందులవుతుంది.

డిస్కులు పెద్దవైన కొద్దీ మరో చిక్కు పెరిగింది. పాడైన 20 టెరాబైట్ల డిస్కు స్థానంలో కొత్తది పెట్టి, సెకనుకు 250 మెగాబైట్ల చొప్పున నిర్విరామంగా నింపినా 22 గంటలు దాటుతుంది; పని జరుగుతుండగా నింపితే అది కొన్ని రోజులకు సాగుతుంది. ఆ రోజులన్నీ యంత్రం సగం వేగంతో, సగం భద్రతతో నడుస్తుంది. పెంకుటింటి కప్పు మీద పెంకులు ఒకదాని అంచు మీద ఒకటి పరిచినట్టు డేటా గీతలను ఒకదాని మీదికి ఒకటి జరిపి రాసే డిస్కులు మార్కెట్లో చవకగా దొరుకుతాయి. ఒక పెంకు మార్చాలంటే పై వరుసలు కదిలించవలసినట్టే, వాటిలో ఒక చిన్న మార్పుకు పెద్ద భాగాన్ని తిరగరాయవలసి వస్తుంది కాబట్టి, రైడ్ గుంపులో వాటిని వాడకపోవడమే మేలు.

తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీలు ఈ 80 పనుల పరిమితిని తుడిచేశాయి. 2011లో ఎన్‌వీఎంఈ ప్రమాణం వచ్చిన తరువాత ఒక్క ఎస్‌ఎస్‌డీయే సెకనుకు లక్షల చిన్న పనులు చేయగలుగుతోంది. అయితే టెరాబైటు ధరలో హార్డు డిస్కు ఇప్పటికీ చవక కాబట్టి, తరచూ తాకే డేటా ఎస్‌ఎస్‌డీ మీద, మిగిలింది హార్డు డిస్కు మీద ఉండే అంచెల ఏర్పాటు ఎక్కువ సంస్థలకు సరిపోతుంది.

నెట్‌వర్కు అనే కాలువ

డిస్కులు సెకనుకు 2,000 మెగాబైట్లు ఇవ్వగలిగినా 1 గిగాబిట్ తీగ చివర కూర్చున్న వినియోగదారుడికి 115 మెగాబైట్లే అందుతాయి. అందువల్ల చాలా సంస్థల్లో మొదటి ఫలితం డిస్కుల కన్నా స్విచ్, నెట్‌వర్కు కార్డు, తీగలు మార్చినప్పుడే కనిపిస్తుంది. పాత కర్మాగార భవనాల గోడల్లో ఏళ్ల క్రితం వేసిన కేటగిరీ 5ఈ తీగలు పీకకుండానే, 2016లో ఖరారైన ప్రమాణం ప్రకారం వాటి మీద 2.5 గిగాబిట్ల వేగం పొందవచ్చు. రాగి తీగ మీద 100 మీటర్ల దూరానికి 10 గిగాబిట్లు కావాలంటే కేటగిరీ 6ఏ అవసరమవుతుంది. పెద్ద మోటార్లు, వెల్డింగు యంత్రాలు నడిచే షెడ్ల పక్కనుంచి తీగ వెళ్లవలసినప్పుడు గాజు తంతువే సరైనది. విద్యుదయస్కాంత అలజడి దాన్ని తాకదు.

రెండు తీగలు కలిపితే వేగం రెట్టింపవుతుందన్నది తరచు ఎదురయ్యే అపోహ. మామూలుగా తీగలు జతకట్టే పద్ధతిలో ఒక కంప్యూటరుకు, నిల్వ యంత్రానికి మధ్య జరిగే ఒక సంభాషణ ఒకే తీగ మీద సాగుతుంది. పదిమంది వాడుతున్నప్పుడు భారం పంచుకుంటుంది గాని, ఒక్కరు పెద్ద ఫైలు తెచ్చుకుంటున్నప్పుడు పాత వేగమే మిగులుతుంది. దీనికి విరుగుడుగా 2012 నాటి ఎస్‌ఎంబీ మూడవ రూపం ఒకే ఫైలును అనేక దారుల్లో పంపే వీలు తెచ్చింది; 2019లో లినక్స్ కెర్నల్ 5.3లో చేరిన ‘ఎన్‌కనెక్ట్’ అనే అమరిక ఎన్‌ఎఫ్‌ఎస్‌కు ఒకే సర్వరుతో 16 వరకు కనెక్షన్లు పెట్టుకునే సౌకర్యం ఇచ్చింది. ఖర్చు లేని ఈ ఒక్క అమరిక 10 గిగాబిట్లు దాటిన నెట్‌వర్కుల మీద చూపే ప్రభావం గట్టిదే. ప్యాకెట్టు పరిమాణాన్ని 1,500 నుంచి 9,000 బైట్లకు పెంచడం కూడా ఉపకరిస్తుంది. కాని దారిలో ఒక్క స్విచ్ ఆ పరిమాణాన్ని ఒప్పుకోకపోయినా ఫైళ్లు మధ్యలో నిలిచిపోయే వింత లోపాలు పుడతాయి.

కంది: లెక్కల యంత్రం ఆకలి

2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలోని తాత్కాలిక ప్రాంగణంలో మొదలైన ఐఐటీ హైదరాబాదు, 2015లో కందిలోని సొంత ప్రాంగణానికి మారింది. 2015లో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద ఇక్కడ ‘పరమ్ సేవ’ అనే యంత్రం నెలకొన్నది. దాని గణన శక్తి 838 టెరాఫ్లాప్‌లు, అంటే సెకనుకు 838 లక్షల కోట్ల లెక్కలు. ఈ తరగతి యంత్రాల్లో లెక్క చేసే కంప్యూటర్లు వందల్లో ఉంటాయి. అవన్నీ ఒకే క్షణంలో ఒకే నిల్వ తలుపు తడతాయి. ఒక్క నాస్ యంత్రం అక్కడ నిలవలేదు.

నిడివైన లెక్క మధ్యలో ఆగిపోతే మొదటి నుంచి చేయవలసి రాకుండా, యంత్రాల జ్ఞాపకాన్నంతా మధ్యమధ్య డిస్కు మీద భద్రపరుస్తారు. ఒక్కొక్కటి 192 గిగాబైట్ల జ్ఞాపకమున్న 100 కంప్యూటర్లు అలా రాస్తే 19.2 టెరాబైట్లు అవుతుంది. నిల్వ వ్యవస్థ సెకనుకు 10 గిగాబైట్లు మింగగలిగితే ఆ పనికి 32 నిమిషాలు, 50 గిగాబైట్లు మింగగలిగితే 6 నిమిషాల పైచిలుకు పడుతుంది. ఆ సమయమంతా కోట్ల రూపాయల యంత్రం చేతులు కట్టుకుని కూర్చుంటుంది. అందుకే ఇలాంటి చోట్ల సమాంతర ఫైలు వ్యవస్థలు వాడతారు. 1990ల చివర ఐబీఎం తెచ్చిన జీపీఎఫ్‌ఎస్, 1999లో పీటర్ బ్రామ్ కార్నెగీ మెలన్‌లో మొదలుపెట్టిన లస్టర్, 2006లో సేజ్ వైల్ ప్రచురించిన సెఫ్ ఈ కోవకు చెందినవి. వీటి సూత్రం ఒకటే: ఫైలును చీలికలు చేసి అనేక నిల్వ యంత్రాల మీద పరిచి, ఏ చీలిక ఎక్కడుందో ముందే తెలిసేలా చేసి, డేటాను ఆయా యంత్రాల నుంచి నేరుగా తెచ్చుకోనివ్వడం. 2010లో ఖరారైన ఎన్‌ఎఫ్‌ఎస్ 4.1 రూపంలోకి కూడా ఈ సమాంతర సూత్రం వచ్చి చేరింది.

సమాంతర వ్యవస్థ అయినా చిన్న ఫైళ్ల ముందు తడబడుతుంది. ఒక్కొక్కటి 10 కిలోబైట్లున్న 10 లక్షల ఫైళ్లు కలిపితే 10 గిగాబైట్లే. ఒకే ముద్దగా ఉంటే 1 గిగాబిట్ తీగ మీద 87 సెకన్లలో వచ్చేస్తాయి. విడివిడిగా ఉన్నప్పుడు ప్రతి ఫైలుకూ పేరు వెతకాలి, అనుమతి చూడాలి, తెరవాలి, చదవాలి, మూయాలి; వీటికి డిస్కు దగ్గర 10, నెట్‌వర్కు మీద 2 మిల్లీసెకన్లు పోయినా మొత్తం 3 గంటల 20 నిమిషాలవుతుంది. ఫైలు ఎక్కడుంది, ఎంతుంది, ఎవరిది అన్న వివరాలను మెటాడేటా అంటారు. ఈ ఉదాహరణలో కాలమంతా తినేస్తున్నది ఆ వివరాల వెతుకులాటే. మెటాడేటాను ఎస్‌ఎస్‌డీ మీద విడిగా ఉంచడం ఒక ఉపాయం. అంతకన్నా మంచిది, లక్షల చిన్న ఫైళ్లను ఒకే పెద్ద పాత్రలో చుట్టి నిల్వ చేయడం. దానికి నిల్వ యంత్రంలో రూపాయి ఖర్చు లేదు, ప్రోగ్రాము రాసే విద్యార్థికి నేర్పితే చాలు.

ఇదే ప్రాంగణంలో డ్రైవరు లేని వాహనాల మీద పరిశోధన చేసే తిహాన్ కేంద్రం ఉంది. 1920×1080 చుక్కల కెమెరా సెకనుకు 30 చిత్రాలను కుదించకుండా పంపితే 187 మెగాబైట్లవుతుంది, అంటే ఒక్క కెమెరాయే 1 గిగాబిట్ తీగను పొంగించేస్తుంది. అలాంటి పరీక్షల డేటాను వాహనంలోని ఎస్‌ఎస్‌డీల మీద దాచి, తిరిగి వచ్చాక వాటిని ఊడదీసి నిల్వ యంత్రానికి తగిలించడమే నెట్‌వర్కు కన్నా వేగవంతమైన దారి.

పటాన్‌చెరు: విత్తనం, దాని అక్షరాలు

1972లో ఏర్పడిన ఇక్రిశాట్ విత్తన నిలయంలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, రాగి, ఇతర చిరుధాన్యాల నమూనాలు లక్షా ఇరవై వేలకు పైగా ఉన్నాయి. ఈ సంస్థలో రాజీవ్ వర్ష్‌ణేయ నాయకత్వంలోని అంతర్జాతీయ బృందం కంది పంట పూర్తి జన్యుపటాన్ని 2011 నవంబరులో వెలువరించింది. ‘ఆశ’ అనే రకం విత్తనం నుంచి తీసిన ఆ పటంలో 48,680 జన్యువులను గుర్తించారు. 2013లో శనగ జన్యుపటం, 2017లో సజ్జ జన్యుపటం వచ్చాయి. 2021లో శనగకు చెందిన 3,366 రకాల జన్యుక్రమాలను చదివిన ఫలితాలు వెలువడ్డాయి. సుమారు 74 కోట్ల అక్షరాల శనగ జన్యుక్రమాన్ని ఒక్కో రకానికి పదేసి సార్లు చదివితే 3,366 రకాలకు దాదాపు 25 లక్షల కోట్ల అక్షరాలు వస్తాయి. ప్రతి అక్షరం పక్కన దాని నమ్మకస్థాయిని తెలిపే మరో గుర్తు ఉంటుంది కాబట్టి కుదించకముందు డేటా 50 టెరాబైట్లకు చేరుతుంది. విశ్లేషణలో పుట్టే మధ్యంతర ఫైళ్లు దీనికి కొన్ని రెట్లు ఉంటాయి.

ఈ డేటాకు రెండు అనుకూల గుణాలున్నాయి. ఫైళ్లు పెద్దవి, మొదటి నుంచి చివరికి వరుసగా చదివేవి. కాబట్టి రైడ్ 6లోని హార్డు డిస్కులే చాలు, డబ్బును నెట్‌వర్కు మీద పెట్టవచ్చు. రెండవది, ఒక పంటలోని రకాలన్నిటి జన్యుక్రమం చాలా భాగం ఒకటే. అందువల్ల ప్రామాణిక పటం ఒకసారి సిద్ధమయ్యాక, ప్రతి రకంలోనూ దానికి భిన్నంగా ఉన్న చోట్లను మాత్రమే రాసుకునే క్రామ్ అనే కుదింపు పద్ధతి పనికొస్తుంది. 2011లో యూరోపియన్ బయోఇన్ఫర్మాటిక్స్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు వివరించిన ఈ పద్ధతిని బట్టి చూస్తే, ‘ఆశ’ కంది పటం పంట పరిశోధనకు చేసిన మేలుతో పాటు ఆ తరువాతి డేటా నిల్వను కూడా తేలిక చేయగలిగిందని చెప్పవచ్చు. డేటా స్వభావం తెలిసి చేసే కుదింపు ముందు, ఒకే రకం ముక్కలను వెతికి ఒక్క నకలే ఉంచే సాధారణ ‘డీడూప్లికేషన్’ వెలవెలబోతుంది. అప్పటికే కుదించిన, లేదా రహస్యలిపిలో పెట్టిన డేటా మీద అది దాదాపు ఏమీ ఆదా చేయదు, పైగా జ్ఞాపకాన్ని దండిగా తింటుంది.

అంచెల నిల్వకు ఇక్రిశాట్ విత్తన నిలయమే చక్కని నమూనా. తరచూ పంపిణీ చేసే విత్తనాలు 4 డిగ్రీల గదుల్లోనూ, దీర్ఘకాలం దాచేవి సున్నాకు దిగువ 20 డిగ్రీల గదుల్లోనూ ఉంటాయి. డేటాకు ఎస్‌ఎస్‌డీ, హార్డు డిస్కు, టేపు అనే అంచెలు కూడా అలాంటివే. విశ్లేషణ పూర్తయిన ముడి జన్యుక్రమాలను వేగవంతమైన డిస్కుల మీద ఏళ్ల తరబడి ఉంచడం, ఎవరూ అడగని విత్తనాన్ని పంపిణీ గదిలో ఉంచడం వంటిది. టేపు పాతబడిందన్న మాట నిజం కాదు. కదలకుండా ఉన్నప్పుడు కరెంటు తినదు, నెట్‌వర్కు మీది దాడి దాన్ని చేరదు.

మందుల ప్రయోగశాలలు: చిన్న రాతలు, పెద్ద బాధ్యత

బొల్లారం, పాశమైలారం వైపు మందుల యూనిట్లలో నాణ్యత విభాగాల్లో, మందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రాలు ప్రతి నమూనాకూ ఒక చిన్న ఫైలు పుట్టిస్తాయి. పరిమాణంలో ఇది జన్యుసమాచారం ముందు లెక్కలోకి రాదు, కాని నియమాల బరువు ఇక్కడే ఎక్కువ. అమెరికాకు మందులు పంపే సంస్థలకు ఎలక్ట్రానిక్ రికార్డుల గురించి 1997 ఆగస్టు నుంచి అమలులో ఉన్న అమెరికా నిబంధన, 21 సీఎఫ్ఆర్ 11వ భాగం వర్తిస్తుంది. ఎవరు నమోదు చేశారో తెలియాలి, చదవగలిగేలా ఉండాలి, పని జరిగిన క్షణానే నమోదు కావాలి, మూలరూపం నిలవాలి, ఖచ్చితంగా ఉండాలి అన్నవి రికార్డులకు ఆశించే లక్షణాలు. 2023 డిసెంబరు చివర సవరించిన, మందుల తయారీ ప్రమాణాలను నిర్దేశించే భారతీయ షెడ్యూల్ ఎం కూడా కంప్యూటరు రికార్డుల మీద దృష్టి పెట్టింది.

ఇటువంటి చోట సెకనుకు ఎన్ని మెగాబైట్లు అన్న ప్రశ్నకు విలువ తక్కువ. పరీక్ష నడుస్తుండగా నెట్‌వర్కు రెండు నిమిషాలు తెగితే ఫలితం ఎక్కడ ఉంటుంది, యంత్రం గడియారం సర్వరు గడియారంతో కలిసి ఉందా, ఒకసారి రాసిన ఫైలును ఎవరైనా మార్చగలరా అన్నవే ప్రశ్నలు. పరికరం పక్కనే తాత్కాలికంగా దాచి, కనెక్షను రాగానే పంపే ఏర్పాటు, రాసిన తరువాత నిర్ణీత గడువు వరకూ చెరపడానికి వీల్లేని నిల్వ, చిన్న రాతలకు వెంటనే బదులిచ్చే ఎస్‌ఎస్‌డీ జతలు ఇక్కడ సరైన ఖర్చులు. నిల్వ పెంచేటప్పుడు పాత యంత్రం నుంచి కొత్తదానికి ఫైళ్లు కాపీ చేసి ఊరుకోకుండా, ప్రతి ఫైలు సరిచూపు సంఖ్యనూ, తేదీలనూ, మార్పుల చరిత్రనూ పోల్చి రాతపూర్వకంగా నిరూపించవలసి ఉంటుంది. ఆ నిరూపణకు పట్టే కాలాన్ని కొనుగోలు ప్రణాళికలోనే కలపాలి. రోగి మింగే మాత్రకు సాక్ష్యం ఈ ఫైలే.

కొలత, వేడి, కరెంటు

ఏది ఇరుకో కొలవకుండా ఏదీ కొనకూడదు. డిస్కులు నూరు శాతం పనిలో ఉండి నెట్‌వర్కు ఖాళీగా ఉంటే ఒక వైద్యం, నెట్‌వర్కు నిండి డిస్కులు ఖాళీగా ఉంటే మరొకటి, రెండూ ఖాళీగా ఉండి వినియోగదారు ఎదురుచూస్తుంటే మెటాడేటా, లేదా ఆ కంప్యూటరులోని ప్రోగ్రామే కారణం. సగటు కన్నా అతి నెమ్మదైన ఒక శాతం పనులు ఎంత సేపు తీసుకున్నాయో చూడడం ఎక్కువ విషయం చెబుతుంది. నిల్వ 80–90 శాతం దాటి నిండితే, మార్పులను కొత్త చోట రాసే ఫైలు వ్యవస్థలకు వరుసగా ఖాళీ చోటు దొరకక వేగం పడిపోతుంది. కాబట్టి 200 టెరాబైట్ల యంత్రాన్ని 160 అనే లెక్కలో వాడడం వివేకం. అట్టపెట్టె మీద 20 టెరాబైట్లని ఉన్న డిస్కు కంప్యూటరులో 18.19గా కనిపించడం మోసం కాదు. తయారీదారు వేయిని ఆధారంగా, కంప్యూటరు 1,024ను ఆధారంగా లెక్కించడం వల్ల వచ్చే తేడా అది.

ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో, ఏసీ ఆగిన సర్వరు గది అరగంటలోనే డిస్కులను ఇబ్బంది పెట్టే స్థాయికి వేడెక్కవచ్చు. యూపీఎస్ సర్వర్లను నడిపి ఏసీని నడపకపోతే ఫలితం ఇదే అవుతుంది. వేడి ఒక స్థాయి దాటితే తనంతట తానే పద్ధతిగా ఆగిపోయేలా నిల్వ యంత్రాన్ని అమర్చడం ఖర్చు లేని రక్ష.

నకళ్లు

రైడ్ బ్యాకప్ కాదు. పొరపాటున ఫైలు చెరిపినా, తాళం వేసి డబ్బు అడిగే దాడికి ఫైలు గురైనా, ఆ మార్పును రైడ్ అంతే నమ్మకంగా అన్ని డిస్కుల మీదా అమలు చేస్తుంది. ఫైళ్ల ఆ క్షణపు స్థితిని పట్టి ఉంచుతూ గంట గంటకూ తీసే స్నాప్‌షాట్లు మొదటి అడ్డుకట్ట. మరో భవనంలో, మరో ఊళ్లో ఉండే నకలు రెండవది. ఇక్రిశాట్ తన విత్తనాల నకళ్లను లక్షకు పైగా నార్వేలోని స్వాల్‌బార్డ్ విత్తన నిలయానికి పంపింది. పటాన్‌చెరులో ఏమి జరిగినా ఆ గింజలు ఉత్తర ధ్రువం దగ్గరి మంచులో నిలుస్తాయి. విత్తన నిలయాల్లో నిర్ణీత కాలానికోసారి కొన్ని గింజలు మొలకెత్తించి చూస్తారు. బ్యాకప్ నుంచి కొన్ని ఫైళ్లను వెనక్కి తెచ్చి, తెరిచి, మూలంతో పోల్చి చూడడం దానికి సరిసమానమైన పరీక్ష. ఆ పరీక్షలోనే తిరిగి తేవడానికి పట్టే కాలం కూడా బయటపడుతుంది: 50 టెరాబైట్ల నకలు 1 గిగాబిట్ లైను మీద వెనక్కి రావడానికి అయిదు రోజులు, 10 గిగాబిట్ల మీద పన్నెండు గంటలు పడుతుంది, అదే డేటా ఉన్న మూడు డిస్కులు హైదరాబాదు నుంచి సంగారెడ్డికి కారులో రెండు గంటల లోపే చేరతాయి.